గోదాము గోడ కంతా, మా పెరటి కోళ్లూ

భవనాల శాఖ ఇంజనీరు గారి సముఖమునకు, బస్టాండు వెనక సందులో కుట్టుపని చేసుకొను దర్జీ వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: మా పెరటిని ఆనుకొనియున్న తమ శాఖ పాత గోదాము ప్రహరీ కూలినందున ముంగిసలు చొరబడి కోళ్లను ఎత్తుకుపోవుట – సదరు కంతను తక్షణమే మూయించుట గురించి.

1. పోయిన వానలకు సదరు గోడ రెండు మూరల మేర కూలినది. గోదాములో పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగి, ముంగిసలు కాపురం పెట్టినవి. మా కోళ్లు తొమ్మిది. ఇప్పుడు మూడు. పోయినవన్నీ పట్టపగలే పోయినవి.

2. నా వంతు ప్రయత్నము నేను చేసితిని. కంతకు రేకు అడ్డం పెట్టగా దాని కింద మట్టి తవ్వుకొని వచ్చినవి. గూటికి ఇనుప జాలీ బిగించితిని. కానీ రోజంతా కోళ్లను మూసి ఉంచుటకు మా అక్క ఒప్పుకోదు. "మరి వాటికి కాళ్లెందుకురా" అంటూ తలుపు తీసేస్తుంది. అందుచేత కుట్టుమిషను పెరట్లోకి మార్చి కాపలా కాయుచు కుట్టుచున్నాను. చూపు గోడ మీద ఉండుటచే ఒక లాయరు గారి కోటుకు రెండు చేతులూ ఎడమవే కుట్టితిని.

3. ఈ అంశం కోళ్లది కాదు, మా అక్కది. నన్ను పెంచింది ఆవిడే. రెండేళ్లుగా మరుపు జబ్బు. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండదు, కోళ్లు మాత్రం ఒక్కొక్కటీ గుర్తే. ఒకటి తగ్గితే చెప్పులైనా వేసుకోకుండా వెతకబోతుంది. నల్లకోడి పోయిన రోజు అక్క రైలు గేటు దగ్గర దొరికింది. అచ్చం అలాంటి కోడినే ఇంకొకటి కొనితెచ్చి పెరట్లో వదిలాను. కాసేపు చూసి, "ఎవరిదో ఇది. ఇచ్చేసి రారా, పాపం వెతుక్కుంటుంటారు" అంది.

తమ కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాను. "కోళ్లయితే పశువుల ఆసుపత్రి, ముంగిసైతే అడవుల శాఖ. మాది గోడ వరకే" అన్నారు గుమాస్తా గారు. గోడ గురించే వచ్చానండీ అంటే, "కూలినట్టు మా కాగితాల్లో లేదే" అన్నారు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఎర్రపెట్ట కనబడలేదు. నేను సూదిలో దారం ఎక్కించి తలెత్తేసరికి అక్కా లేదు. సందులన్నీ తిరిగి, చివరికి కంతలోంచి దూరి చూస్తే, గోదాములో విరిగిన కుర్చీల మధ్య పడి ఉంది. మోకాలు చీరుకుపోయింది. ఒళ్లో గుప్పెడు ఈకలు. "దీనికి చలేస్తోందిరా" అని వాటి మీద కొంగు కప్పింది. నాలుగడుగుల అవతల మూత లేని నుయ్యి ఉంది.

అయ్యా, ఇటుకలు నేనే మోసుకొస్తాను. నేనే కట్టుకుంటాను. సర్కారు గోడ ముట్టుకుంటే కేసవుతుందని గుమాస్తా గారు అన్నందున ఆగాను. ముట్టుకోవచ్చునని ఒక్క ముక్క వ్రాసి ఇప్పించినా చాలును. రేపటికి వాయిదా వేయక నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సందు చివరి దర్జీ

మరొక మనవి: ఇది వ్రాయుచుండగా అక్క వచ్చి పక్కన కూర్చుని, ఏం రాస్తున్నావని అడిగింది. పోయిన కోళ్ల గురించి ఆఫీసరు గారికి అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసింది. "మా తమ్ముడు కూడా పొద్దుట్నుంచీ కనబడ్డం లేదు బాబూ. వాణ్ణి కూడా కాస్త వెతికించమని రాయి" అంది. రాస్తాలెమ్మన్నాను. రాసేదాకా పక్కనుంచి కదల్లేదు. అందుచేత,

4. ఈమె తమ్ముడు ఉదయం నుండి కనబడుట లేదు.