గట్టు మీది గడ్డిచేమంతి

సిరవార,
8 జూలై 2025.

చెల్లెలు సౌభాగ్యకు,

అక్క హనుమాయమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ బావ నాగేంద్రబాబుగారూ క్షేమం. గిల్లేసూగూరులో నువ్వూ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నాలుగు నెలలుగా ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు. ఉత్తరమైతే కోపంలో పక్కన పడేసినా ఎప్పుడో ఒకప్పుడు చదువుతావని రాస్తున్నాను.

ముందు ఇక్కడి కబుర్లు. వాన రెండుసార్లు బాగానే పడింది. కాలువకు ఇంకా నీళ్లు రాలేదు. నారుమడి దున్ని ఉంచాం. మీ బావకు మోకాలి నొప్పి అలాగే ఉంది, ట్రాక్టరు ఎక్కొద్దంటే వినరు. గట్టు మీద గడ్డిచేమంతి మళ్లీ మొలిచి, వారం నుంచి పూస్తోంది.

ముప్పై ఏళ్లు ఆ మొక్కను కలుపనే పీకాను. నువ్వు పన్నెండు తేనెపెట్టెలు టెంపోలో తెచ్చి మా గట్టు కింద దించిన రోజు, ఇది కాలువ చివరి పొలం, రెండో పంట ఉండదు, వరి కోసేశాక నీ ఈగలు ఏం తింటాయని అడిగాను. నువ్వు వేలిగోరంత పసుపు పువ్వు ఒకటి తెంపి నా చేతిలో పెట్టి, "గివేందక్కా మరి, పూలు గావా? ఇవి ఉన్నంతదాంక నా ఈగలకు ఫికర్ లేదు" అన్నావు. కొడవలి తగిలి నా వేలు తెగినప్పుడు ఆ ఆకే నలిపి కట్టావు. నెత్తురు ఆగేదాకా నా చెయ్యి నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు. సొంత చెల్లెలున్నా అంత చేసేది కాదు.

ఆ మార్చి నెల పొద్దున మాత్రం తలుచుకోవాలంటే భయం. నీ పెట్టెల ముందు ఈగలు ఊకలా రాలి ఉన్నాయి. కొన్ని ఇంకా నేల మీద గిరగిరా తిరుగుతున్నాయి. నువ్వు ఏడవలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో మూతా తీశావు. పది పెట్టెల్లో చప్పుడు లేదు. "ఎవరక్కా మందు కొట్టింది?" అన్నావు. పక్క మిరపతోట యంకప్ప కొట్టి ఉంటాడన్నాను.

నువ్వు నేరుగా ఆయన వాకిట్లోకి వెళ్లావు. "వారంసంది మందు పంపు ముట్టలే తల్లీ" అని ఆయన కూతురి మీద ఒట్టేశాడు. నువ్వు నమ్మలేదు. నలుగురూ వింటుండగా, "నీ తోటల ఒక్క కాయ నిలవొద్దు" అని శపించావు. నేను నీ వెనకే నిలబడి నోరు మెదపలేదు. "నువ్వన్నా ఒక్క మాట అనకపోతివి గదక్కా, ఊరోళ్ల దిక్కే ఉన్నవు" అని, మిగిలిన రెండు పెట్టెలూ ఎక్కించుకుని వెళ్లిపోయావు.

తర్వాత నీ శాపానికి జడిసి ఊళ్లో ఆడవాళ్లెవరూ యంకప్ప తోటకు కాయ కోతకు వెళ్లలేదు. పండిన మిరప చెట్టు మీదే ఎండి రాలింది.

ఆ పని యంకప్ప చెయ్యలేదు సౌభాగ్యా. ఇదొక్కటి నమ్ము. ఆయనతో ఒక మాట మాట్లాడు. వీలైతే పెట్టెలు మళ్లీ తెచ్చుకో.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
హనుమాయమ్మ.

తా.క.: ఇంత రాశాను గానీ రాయాల్సింది రాయలేదు. మందు కొట్టింది నేను. మా అన్న బాపయ్య భీమవరం నుంచి వస్తానన్నాడు. అంతకుముందే ఫోన్లో గట్టు చూసి, "ఏంటే, వరి పండిస్తున్నారా, అడవి పెంచుతున్నారా?" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మీ బావ మాన్వి వెళ్లిన పూట గడ్డిమందు కలిపాను. డబ్బా అడుగున మిగిలిన పురుగుమందు కూడా అందులోనే పోశాను. ఈగల సంగతి తోచలేదని రాయబోయాను, అదీ అబద్ధమే. పూల మీద అవి వాలి ఉండటం చూశాను. ఒక్కపూటకు ఏమవుతుందిలే అనుకుని కొట్టాను.

మొన్న యంకప్ప ఇంటికి వెళ్లి చెప్పాను. "నాకు చెప్తే ఏమొస్తదమ్మా, తోట పాయె. ఊరోళ్లకు చెప్పు, ఆ యమ్మకు చెప్పు" అన్నాడు. నిన్న మహిళా సంఘంలో అందరి ముందూ చెప్పాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. యంకప్ప కూడా వస్తానన్నాడు. నన్ను వాకిట్లోనే నిలబెట్టినా సరే, ఆయన్ని మాత్రం లోపలికి పిలువు.