బజ్జీలకు మూత పెట్టకండి

మామయ్యా,

ఆఫీసుకు తొందరగా రమ్మన్నారు, నాచారం బస్సు అందుకోవాలి. సాయంత్రం చిల్కానగర్ నుంచి మీ స్నేహితుడు భూషణం అంకుల్ వస్తున్నారు కదా. ఆలుగడ్డ బజ్జీలు ఈసారీ ఇంట్లోనే వేయండి. బండి దగ్గర కొనుక్కురావద్దు.

ఆలుగడ్డలు పలచటి చక్రాల్లా తరిగి నీళ్లలో వేశాను. వాటిని పొడిగుడ్డ మీద పరిచి, తడి పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. శనగపిండిలో బియ్యప్పిండి, వాము, ఉప్పు, కారం కలిపి పెట్టాను. నూనె కాగాకే ఆ పిండిలో నీళ్లు పోయండి, జారుగా చేయకండి. సగం వేగాక తీసి, కొంచెం చల్లారాక మళ్లీ వేయిస్తే కరకరలాడతాయి. తీసినవి జల్లెడలో వేయండి.

హాట్‌బాక్సు జోలికి మాత్రం వెళ్లకండి. పోయినసారి వేడివేడివి అందులో పెట్టి మూత బిగించినందుకే అన్నీ మెత్తబడ్డాయి. నేను ఇంట్లో అడుగు పెట్టగానే అంకుల్, "ఏందమ్మా, గిట్ల మెత్తగ జేసిపోయినవ్?" అన్నారు. వేసిన మీరేమో పేపర్ తిరగేస్తూ కూర్చున్నారు. ఈసారి ఎలా వచ్చినా సరే, వేసింది మీరేనని మీ నోటితో చెప్పాలి. వచ్చాక ఆయన్నే అడుగుతాను.

హరిత

నాకు నాలుగు జల్లెడలోనే ఉంచండి. చల్లారితే చల్లారనివ్వండి. పోయినసారి మెత్తబడ్డవి ఒక్కటీ మిగల్చకుండా తిన్నాను, నేను వచ్చేదాకా వేడిగా ఉండాలనే మూత పెట్టారని తెలిసి.