కవర్ తీసిన పూల్

అరోరా,
మే నెల

చంద్రికక్కా,

నిన్న మన కమ్యూనిటీ పూల్ మీద కవర్ తీస్తుంటే కిటికీలోంచి చూశాను. నిరుడు వేసవిలో మా ఈషాన్ ప్రాణం పోయింది ఆ నీళ్ళలోనే కదా. చలికాలమంతా వాడు ఆ కవర్ కిందే ఉన్నాడనిపించేది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. కుళ్ళిన ఆకులు తప్ప ఏమీ లేవు.

పూల్ కమిటీలో నువ్వున్నావు కాబట్టి అడుగుతున్నాను. కొత్త నీళ్ళొస్తే గంగమ్మకి పసుపు కుంకుమ వేస్తాం కదా, శనివారం ఓపెనింగ్ రోజు నన్ను వేయనివ్వు. ఫిల్టర్ పాడవుతుందని మీ ఆయన సణుగుతారేమో. అయితే గట్టుమీదే పెడతాను.

ఇంకొక్కటి. గేటు తీయగానే అందరికంటే ముందు దూకేది మావాడే. మిగతా పిల్లల్ని ఒక్క నిమిషం ఆపు. వాడు దూకాక పంపించు.

ఇట్లు,
ఈషాన్ వాళ్ళమ్మ