చీలమండ బిగించాక

జూన్ 9
నరసరావుపేట డాక్టరు తేల్చేశాడు. ఎప్పుడో ఆటో తిరగబడి విరిగిన కాలు కదా, కుడి చీలమండలో గుజ్జంతా అరిగిపోయిందట. స్క్రూలు వేసి ఎముకల్ని ఒకటిగా అతికించేస్తారు. "నొప్పి పోతుందమ్మా. కీలు మాత్రం ఇక వంగదు."
ఇరవై ఏళ్ళు మిషను తొక్కిన కాలు. వంగకపోతే కుట్టేదెట్లా? ఎడమ కాలితో నేర్చుకోమన్నాడు. చెప్పడానికేం, నోరుంది.

జూన్ 10
మా ఆయన తన మెకానిక్ షెడ్డులో బండి విప్పుతూనే అన్నాడు: "చేయించుకోవే. పొద్దున్నే గోడ పట్టుకుని ఏడుస్తా నడుస్తంటే చూళ్ళేకపోతన్నా."
చూస్తున్నాడని ఇన్నాళ్ళూ నాకు తెలీదు.

జూన్ 24
అయిపోయింది. మోకాలి దాకా కట్టు. ఆరు వారాలు కాలు కింద మోపకూడదు. నమాజు కుర్చీలోనే.

జూలై 13
ఎదురింటి కిరాణా కొట్టు సుబ్బరత్నం వదిన వచ్చింది. కూతురి పెళ్ళి జాకెట్లు నాలుగు. "నీ కుట్టే కుదురుద్ది మాకు. సర్లే, ఈసారికి బయటిస్తాలే" అంది.
బయటా! ఇచ్చి పొమ్మన్నాను.

జూలై 14
ఎడమ కాలు ఉత్త మొద్దు. చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం పుటుక్కుమంటుంది.
అయినా కూర్చునే కదా కుట్టేది... మోపినట్టెట్లా అవుతుంది? కట్టు కాలే పెడలు మీద పెట్టాను. కుట్టు ముత్యాల్లా పడింది. చానా రోజులకి మళ్ళీ మనిషినయ్యాననిపించింది.
ఆయన షెడ్డుకి వెళ్ళాకే, అదీ.

జూలై 18
నాలుగూ అయ్యాయి. హుక్కులతో సహా.

ఆగస్టు 5
ఎక్స్‌రే. అతకాల్సినంత అతకలేదు.
"కాలు మోపారా?"
"లేదండీ. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు."
అబద్ధం కాదు. మరి మిషను మాటెందుకు చెప్పలేదు?
ఇంకో ఆరు వారాలు. అప్పటికీ అతక్కపోతే మళ్ళీ కొయ్యాలట.
ఇంటికి రాగానే మా ఆయన మిషను బెల్టు ఊడదీశాడు. "పెళ్ళిలో ఆ జాకెట్లు చూశా. నీ చెయ్యి నాకు తెలవదా? అప్పుడే అడగాల్సింది. నీ మొహంలో కళ చూసి అడగలా."
తిట్టినా బాగుండేది.

ఆగస్టు 21
వదిన పులిహోర పంపింది. జాకెట్లు కుట్టే కాలు అతకలేదని ఆమెకి చెప్పొద్దన్నాను ఆయనతో. పాపం, ఆమె తప్పేముంది.

సెప్టెంబరు 16
ఆసుపత్రి బెంచీ మీద రాస్తున్నాను. డాక్టరు ఫిల్ము చూడకముందే చెప్పేశాను — "నేను మిషను తొక్కానండీ. ఐదు రోజులు. కూర్చుని తొక్కితే లెక్కలోకి రాదనుకున్నా." ఆయన ఫిల్ము తీసుకుని పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళాడు.
భయమేస్తోంది. మళ్ళీ కోతంటే నా వల్ల కాదు.
మా ఆయన నా కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంతమందిలో! జనం చూస్తున్నారన్నాను.
"చూడనీ" అన్నాడు.
తలుపు ఇంకా తెరుచుకోలేదు.