తొండబండ కింది ఏరు

ఏప్రిల్ 6

శ్రావణి మళ్ళీ ఫోన్. యూనివర్సిటీలో నా నవల అడుగేరు మీద పరిశోధన చేస్తోంది పాపం. ఎప్పుడు చేసినా ఒకటే ప్రశ్న. "అడుగేరుకు మూలం ఎక్కడ సార్?" ఇంగ్లీషులో వచ్చే మాయాలోకాల నవలలు చదివి రాశానేమోనని అనుమానం. నేను రాసే రోజుల్లో మా హైస్కూలు లైబ్రరీ అంటే ఒక చెక్క బీరువా, దాన్నిండా చెదలు. అదే చెప్పాను. నవ్వింది. నమ్మినట్టు లేదు.

అసలు సంగతి చెప్పబుద్ధి కాలేదు. ఫోన్లో చెప్పేది కాదు.

ఏప్రిల్ 8

ధర్మవరం వెళ్ళొచ్చాను. బస్టాండు ఎదురుగా కొత్త బోర్డు — అడుగేరు మినరల్ వాటర్. నన్నొక్క మాట అడిగిన పాపాన పోలేదు ఎవడూ. పంతానికి ఒక క్యాను కొని మోసుకొచ్చాను. చెయ్యి పీకుతోంది.

హుస్సేనమ్మ — "నీ పుస్తకం పేరు పెట్టి నీకే అమ్మినారా?"

పెళ్ళైనప్పటి నుంచి ఈమె నా నవల ఒక్క పేజీ చదవలేదు. ఎకసెక్కాలకు మాత్రం తక్కువ లేదు.

ఏప్రిల్ 11

తమ్ముడి కొడుకు ఖాజా తోటకు పోయాను. తమ్ముడు పోయినప్పటి నుంచి వాడి మంచీ చెడ్డా నావే. చీనీ చెట్లు ఆకు ముడుచుకున్నాయి. పిందె నిలవడం లేదు, కాలు పెడితే కింద అన్నీ పిందెలే. ఉన్న బోరు కాసేపు పోసి, తర్వాత గాలి కక్కుతోంది. ట్యాంకరు తోలించినా ఎన్నాళ్ళు? వాడి పెళ్ళాం మౌలాబీ బిందె చంకన పెట్టుకుని ఒక్కో చెట్టు మొదట్లో చెంబెడు పోస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది, అంతే. ఖాజా గట్టు మీద కూచుని ఆకులు తుంచుతున్నాడు... బిడ్డలా సాకిన చెట్లు.

ఏప్రిల్ 14

పీర్లచావిడి దగ్గర చదువు మొదలు. ఎండ ముదిరిన ప్రతి ఏడూ మా ఊళ్ళో అడుగేరు చదువుతారు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చే కాలంలో, చదువు రానివాళ్ళ కోసం ఎవరో ఒకరు అరుగు మీద కూచుని గట్టిగా చదివేవాళ్ళు. ఆ ఏడు వాన దంచి కొట్టింది. అంతే, నా నవల మొక్కుబడి అయి కూచుంది. ఇప్పుడు అట్ట ఊడిన ఆ పాత ప్రతికి ఊదు వేస్తారు, చక్కెర మీద ఫాతిహా చదివిస్తారు, అవతల ఇంకొకరు టెంకాయ కొడతారు. నేను బతికుండగానే నా పుస్తకం దేవుడైంది. నాకు మాత్రం పెన్షనాఫీసులో కుర్చీ కూడా వేయరు.

ఇవాళ చదివింది మొదటి భాగం. రాజు ఏటికి అడ్డంగా కట్ట వేసి, ఈ నీళ్ళు నావి అంటాడు. ఏరు అలిగి తొండబండ కింద దూరిపోతుంది, ఏడు బండల అడుక్కి. గొర్రెలు కాసే పిల్ల ఎర్రగంగి దివిటీ పట్టుకుని దాన్ని వెతుక్కుంటూ లోపలికి దిగుతుంది. మూడో భాగం చివర ఏడో బండకు చెవి ఆనిస్తుంది. అడుగున ఏరు పారుతున్న చప్పుడు. నవల అక్కడే ఆపాను. చప్పట్లు కొట్టారు అప్పట్లో. ఆ ముగింపు చూసుకుని ఎంత మురిసిపోయానో.

రాజుకు, రాజ్యానికి ఉత్తుత్తి పేర్లు పెట్టాను. గుట్టలకు మాత్రం మా గుట్టల పేర్లే. తొండబండ, గద్దలగుట్ట, బూదిగుంత. నాకు తెలిసిన లోకం అంతే మరి.

ఏప్రిల్ 15

నేలలో నీళ్ళు ఎక్కడున్నాయో చూసే ఓబులేసు తొండబండ దగ్గర అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరుగుతున్నాడట. ఎవరు పిలిపించారో ఎవరూ చెప్పరు.

ఏప్రిల్ 17

పిలిపించింది ఖాజా. వాడి మెట్ట చేను తొండబండను ఆనుకునే కదా.

పొద్దున్నే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బోరు పాయింటు గట్టిగా పడింది పెద్దనాయనా. టెంకాయ నిలువుగా లేసి నిలబడింది."

"టెంకాయ లేస్తే నీళ్ళు పడతాయేమిరా? ఎండిన బోర్లన్నీ టెంకాయ లేసిన చోట ఏసినవే కదా."

"టెంకాయను నమ్మి కాదు. నువ్వు రాసినావు కదా."

కథరా నాయనా అన్నాను. కల్పించి రాసింది రా అన్నాను. వాడు వేళ్ళు మడిచి లెక్కపెడుతూ —

"తొండబండ ఉండాది. గద్దలగుట్ట ఉండాది. బూదిగుంత ఉండాది. ఏరు ఒగటే అబద్దమా?"

ఇన్నేళ్ళలో ఏ విమర్శకుడూ ఇంత సూటిగా అడగలేదు.

గొర్రెలు అమ్మి బోరు వేయిస్తాడట. మౌలాబీ సాకిన గొర్రెలు. అవి పోతే ఆ ఇంట్లో ఇక మిగిలేది మెట్ట చేనూ, ఎండిన తోటా. బోరు ఎండితే వీడేమైపోతాడు... నా రాత వల్ల.

ఏప్రిల్ 18

ఓబులేసు దగ్గరికి పోయి తిట్టాను. "నాదేముంది సార్, మీ పుస్తకం చూసే ఆ పక్కకు పోతిని" అన్నాడు. చేతులు కట్టుకుని, మర్యాదగా.

ఏప్రిల్ 20

మూలమంతా చెప్పేస్తే ఖాజా పిచ్చి వదులుతుందని అనుకున్నాను. శ్రావణిని రమ్మన్నాను. ఖాజాను కూడా కూచోబెట్టాను. ఇద్దరికీ ఒకేసారి.

చెప్పాను. మా అమ్మ కథ అది. కరువేళ్ళలో చిత్రావతి ఏటి ఇసకలో చెలమ తవ్వేది. మోకాటి లోతు గుంత, అడుగున కొంచెం కొంచెంగా నీళ్ళు ఊరేవి. బురద నీళ్ళు. తేరుకునేదాకా ముట్టకూడదు. నేనూ తమ్ముడూ ఆగలేక గుంతలోకి వంగేవాళ్ళం. అమ్మ ఇద్దరి భుజాలూ పట్టి వెనక్కి లాగి కథ మొదలుపెట్టేది. "ఏరు యాడికీ పోల్యా, అలిగింది అంతే..." నీళ్ళు తేటపడగానే కథ ఆపేది. మరుసటి రోజు అక్కడి నుంచే. కరువు ముదిరేకొద్దీ నీళ్ళు ఊరేది ఆలస్యం, కథ పొడుగు. అందుకే మూడు భాగాలైంది నా నవల. ఏ దేశం పుస్తకమూ కాదు. ఏడిచే పిల్లల్ని ఆపడానికి మా అమ్మ అల్లిన మాటలు.

శ్రావణి కళ్ళు తుడుచుకుంటూ రాసుకుంటోంది. గొప్ప మూలం సార్, గొప్ప మూలం...

నేను ఖాజా వైపు చూశాను. వాడు లేచి నిలబడి ఉన్నాడు.

"జేజి చెప్పిందా? జేజినా?"

"అవునురా. ఊరికే, పిల్లోళ్ళను మాయ చేసేదానికి..."

"ఇన్నాళ్ళూ రోంత అనుమానం ఉన్నింది పెద్దనాయనా. నువ్వు చదువుకున్నోడివి, ఏమైనా రాస్తావు. జేజి అట్ల కాదు. ఆమె అబద్దం చెప్పింది నేను పుట్టినప్పటి నుంచి చూడల్యా."

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రిగ్గు వాళ్ళకు ఫోన్ చేయడానికి.

హుస్సేనమ్మ టీ గ్లాసులు తీస్తూ — "ఇప్పుడు సల్లగుండాదా?"

ఏప్రిల్ 23

రాస్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత. నాలుగో భాగం అనుకో, ముగింపు అనుకో.

ఎర్రగంగి ఏడో బండను తొలిచింది. అడుగున ఇసక. గుప్పిట పట్టి చూసింది. తడి కూడా లేదు. ఆమె విన్న చప్పుడు తన చెవిలో నెత్తురు కొట్టుకున్న చప్పుడే.

ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు నేను. రాస్తూ ఏడ్చాను. అమ్మ ఏరును నా చేత్తోనే ఎండగడుతున్నాను... వాడు బతకాలి కదా.

ఏప్రిల్ 26

చావిడి దగ్గర చదివాను. జనం బాగానే చేరారు. ఖాజా రాలేదు, వీళ్ళు వింటే చాలు, ఎవరైనా వాడికి చెప్తారనుకున్నాను.

అయిపోయాక ముందు వరసలో ముసలామె —

"ఏమి సార్, ఉన్న ఏరును ల్యాకుండా చేసినావే. నీ చేతులెట్ల ఆడినాయి?"

వెనక నుంచి ఎవరో — "ఇది అడుగేరు కాదప్పా. సార్‌కు వయసైపాయ."

నా కాగితాలు మడిచి నా చేతికే ఇచ్చారు. పాత ప్రతి తెరిచి మళ్ళీ ఊదు వేశారు. దాన్ని రాసినవాణ్ణి నేను. ఆ అరుగు మీద నా మాటకు ఈగపాటి విలువ లేదు.

ఏప్రిల్ 29

గొర్రెలు పోయినాయి. మౌలాబీ టెంపో కనపడకుండా పోయేదాకా రోడ్డు మీదే నిలబడిందట. హుస్సేనమ్మ చెప్పి, అన్నం గిన్నె నా ముందు ఠక్కున పెట్టి పోయింది.

మే 2

రిగ్గు వచ్చింది. తమిళవాళ్ళ బండి. తెల్లారేసరికి మొదలు.

ఊరంతా అక్కడే. దుమ్ము. తెల్లటి బండపొడి, చెట్ల మీద, మనుషుల రెప్పల మీద. ముసలివాళ్ళూ పిల్లలూ తొండబండ మీద బోర్లా పడుకుని చెవులు ఆనించారు. నేను రాసిన వాక్యాన్ని చేసి చూపిస్తున్నారు. ఆ మోతలో ఏం వినిపిస్తుంది? వినిపిస్తోందంటున్నారు. ఒక్కొక్కరూ లేచి, వినిపిస్తోంది వినిపిస్తోంది... నాకు పరుగెత్తాలనిపించింది.

మధ్యాహ్నం దాటాక పొడి కొంచెం తడిగా వచ్చింది. ఈలలు, కేకలు. ఖాజా ఆ బురద మొహానికి పూసుకున్నాడు. కాసేపే. మళ్ళీ పొడి.

పొద్దు వాలే వేళకు పైపులు అయిపోయాయి. రిగ్గాయన తల అడ్డంగా ఆడించి కడ్డీలు పైకి లాగడం మొదలుపెట్టాడు. జనం మెల్లగా ఊళ్ళోకి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మే 3

ఖాజా మాట్లాడడం లేదు.

మే 4

తోటలో చెట్లకు నీళ్ళు పోయడం మానేశారు.

మే 6

మౌలాబీ వచ్చింది. గడప లోపలికి రాలేదు.

"తోటలో పురుగుల మందు డబ్బా కనపడ్ల్యా మామా. కొట్టంలో చూసినా, గడ్డివాములో చూసినా. అడిగితే పలకడు. బోరు కాడనే కూచుంటాడు, అన్నం ముట్టడు."

నేను గడప దగ్గరికొచ్చాను.

"నువ్వు వచ్చి ఒక్క మాట చెప్పు మామా."

"ఏమని?"

"ఏరు ఉండాదని."

నేను మండిపడ్డాను. లేదని చెప్పడానికే కదా నేను ఇన్నాళ్ళూ పడిన పాట్లు! ఉందంటే మళ్ళీ బోరు వేస్తాడు, ఉన్న ఆ మెట్ట కూడా పోతుంది, అప్పుడేం చేస్తావ్ అని అరిచాను.

ఆమె అంతా విని, నెమ్మదిగా —

"చేను పోతే కూలికి పోతాము మామా. మనిషి పోతే యాడ తెచ్చుకుందును?"

మే 7

పోయాను. బోరు కేసింగు పైపు పక్కన నేల మీద కూచుని ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. పైపులోకి చిన్న రాయి వేసి చెవి పెడుతున్నాడు. మళ్ళీ ఇంకో రాయి.

పక్కన కూచున్నాను. లేదని చెప్పాల్సిన మాటలన్నీ దారంతా కూడబలుక్కుంటూనే వచ్చాను. మౌలాబీ ఎంత బతిమాలినా సరే, నిజమే చెప్పాలని.

"ఆరు బండలు దాటినాము పెద్దనాయనా. నేను లెక్క పెట్టుకుంటానే ఉన్న్యా, పొడి రంగు మారినప్పుడంతా. రిగ్గాయన దగ్గర పైపులు సాల్ల్యా."

ఇంకో రాయి పైపులో వేశాడు.

"ఏడోదాని కింద ఉండాదా ల్యాదా? జేజి మీద ఒట్టేసి చెప్పు. ల్యాదంటే... ఇంగ గమ్మునుంటా."

గమ్మునుంటా అన్నప్పుడు నా వైపు చూడలేదు. తోట వైపు చూశాడు. అచ్చం తమ్ముడి మొహం. ఎముకలు తేలిన ఆ మెడ చూశాను.

"ఉండాది" అన్నాను.

"ఒట్టా?"

"ఒట్టు."

కాసేపటికి లేచాడు, మోకాళ్ళ మీద చేతులు ఊని. మౌలాబీ చెట్టు చాటున సిద్ధంగా ఉంది టిఫిను గిన్నెతో. సంగటి తిన్నాడు, గిన్నె అడుగంటా తుడిచి. ఆమె నా వైపు చూసి చేతులు జోడించింది. సిగ్గుతో చచ్చిపోయాను. సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు ఇక్కడ.

మే 8

శ్రావణి ఫోన్. ఎత్తలేదు.

మే 9

ఒట్టు సంగతి హుస్సేనమ్మకు చెప్పాను. చేటలో బియ్యం ఏరడం పూర్తి చేసింది. తర్వాత — "సరేలే. రాసినోడివి కదా, నీకు అలవాటే."

మే 11

ఖాజా బోరు ఉన్న మూల మాత్రం ఉంచుకుని, మిగతా మెట్ట చేను బేరం పెట్టేశాడు. గడ్డం గీసుకుని వచ్చాడు, తెల్ల చొక్కా. చీనీ చెట్లు పోయినా ఫరవాలేదట, ఏరు పడితే వరి పెడతాడట. వరి! నవ్వుతున్నాడు. పక్కింటి వాళ్ళు కూడా వాళ్ళ చేలల్లో పాయింట్లు చూపించుకుంటున్నారట, సార్ ఒట్టేసి చెప్పినాడని.

మౌలాబీ ఆ డబ్బా కోసం ఇంకా వెతుకుతూనే ఉంది.

ఈసారి పెద్ద బండి. ఎక్కువ లోతుకు పోతుందట. ఎల్లుండి వస్తోంది.

"బండి మొదలుపెట్టేది నీ చేత్తోనే పెద్దనాయనా. నువ్వు రాకుంటే ఎట్ల?"

వస్తానన్నాను.