మీ సీసాలోది నేను తాగాను

ఏమండీ, నేను డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. భోజనం బల్ల మీద ఉంది, కారం తక్కువే వేశాను. తినగానే నడుం వాల్చకండి.

పొద్దున నా ఆపిల్ సైడర్ వెనిగర్ అయిపోతే మీ సీసాలోది పోసుకున్నాను. అది ఆపిల్ జ్యూస్. గుండెల్లో మంట మీది, దానికి మందని ఆ వెనిగర్ తాగాల్సిందీ మీరే. ఒక్కడినే తాగలేనన్నారని, ఏ జబ్బూ లేని నేను నెల రోజులు మీకు తోడుగా ఆ పులుపు నీళ్లు ముక్కు మూసుకుని తాగాను. మీరేమో ఎదురుగా కూర్చుని, మొహం చిట్లించి మరీ జ్యూస్ తాగారు. పైగా "అలవాటైపోతుందిలే" అని నాకే ధైర్యం చెప్పారు.

మీ సీసా ఫ్రిజ్‌లో పెట్టాను. జ్యూస్ కదా, బయటుంటే పాడైపోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేది నాకోసమే. వారం నుంచి మంట నాకు. చెబితే మీరెక్కడ తాగడం మానేస్తారోనని చెప్పలేదు.