గుర్రంతో మాట్లాడిన రాణి

జూన్ 3, మంగళవారం

దీపిక మేడమ్ మెయిల్ వచ్చింది. హైదరాబాదులో నా నవల చూస్తున్న ఎడిటర్ ఆమె. కథ బాగుందట. మాయఖడ్గం బాగుందట. రాజూ రాణీ నోరు తెరిస్తే మాత్రం నిద్రొస్తోందట! యుద్ధం నుంచి ఆలస్యంగా తిరిగొచ్చిన రాజును అలిగిన రాణి కలిసే సీన్ ఉంది కదా, పన్నెండో చాప్టర్. అది మార్చి రాయాలి. అందులో ప్రాణం ఉంటేనే పుస్తకం వేస్తారు. పదిహేను డెడ్‌లైన్.

నాలుగేళ్లు రాశాను. ఒళ్లు మండిపోయింది.

జూన్ 5

ఆదోని బస్సులో ఐదుసార్లు రాశా. "ప్రాణేశ్వరా, విరహాగ్నిలో దగ్ధమైతిని." కొట్టేశా. అక్కడ నేను పనిచేసే బట్టల షాపులో చీరలు మడత పెడుతున్నా అదే ధ్యాస.

జూన్ 8, ఆదివారం

ఎమ్మిగనూరులో ఇంట్లోనే ఉన్నా. మా ముత్తమ్మవ్వకు ఆ సీన్ చదివి వినిపించా. రాట్నం ముందు కూర్చుని మా మగ్గానికి నూలు కండెలు చుడుతూ విన్నది. నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లు తెచ్చుకుంది. ఏ పెండ్లాము మాట్లాడ్తాదే అట్ల, నాటకాల్లో తప్ప, అంది. వాళ్లు రాజులు అవ్వా, మనలాంటోళ్లు కాదు అన్నాను. రాణికి మాత్రం మొగుడు మొగుడు కాదా, అంది.

కోపమొచ్చి లేచిపోయా.

జూన్ 10

సోమన్న తాత కోడుమూరు పెళ్లికి పోయి ఒక్క పూటలో వస్తానన్నాడు. మూడు దినాలకు ఈ రోజు వచ్చాడు. ఇక చూడాలి మా ఇంటి పద్ధతి. అలిగితే అవ్వ తాతతో మాట్లాడదు, మగ్గంతో మాట్లాడుతుంది. తాత జవాబు కూడా మగ్గానికే.

మగ్గమా, రొట్టె సల్లారిపోతాందని ఆయప్పకు సెప్పు, అంది అవ్వ. మగ్గమా, ఆకలి లేదని సెప్పు, అన్నాడు తాత. మూడు దినాలు యాడ తిన్నాడో అడుగు మగ్గమా, అంది. యాడ తిన్నా ఈడి రుసి లేదని సెప్పు మగ్గమా, అన్నాడు.

అవ్వ తాత కంచంలో ఇంకో రొట్టె వేసింది.

పుట్టినప్పటి నుంచీ వింటున్నా. ఇన్నాళ్లూ నా చెవులు ఏ గట్టున పెట్టానో!

జూన్ 11, ఉదయం 6

రాణి రాజు వైపు చూడలేదు. అతని గుర్రం మెడ నిమిరింది. "మీ దొరకు చెప్పు, కోట తలుపు ఏ రోజూ గడియ వేయలేదని." రాజూ గుర్రానికే చెప్పాడు: "మీ రాణికి చెప్పు, ఆ తలుపు తలుచుకునే బతికి వచ్చానని."

చెయ్యి ఆగలేదు. బస్సు పోయింది. పోతే పోనీ.

జూన్ 14

పంపాను. భయంగా ఉంది.

జూన్ 19, మధ్యాహ్నం 3

ఫోన్! పుస్తకం వేస్తున్నారు! గుర్రం దగ్గర ఏడుపొచ్చిందట మేడమ్‌కి. మిగతా చాప్టర్లలోనూ వాళ్లను ఇట్లాగే మాట్లాడించమన్నారు. రాస్తా, ఎన్నైనా రాస్తా. ఈ ఆచారం ఏ రాజ్యంలోది, ఏ గ్రంథంలో దొరికింది అని అడిగారు. ఎమ్మిగనూరు రాజ్యం మేడమ్ అన్నాను. షాపులోనే గంతులేశా. చీర కొనడానికొచ్చిన ఆలూరు ఆమె ఏమైందమ్మా అని బెదిరిపోయింది. మా రాణి మాట్లాడిందక్కా అని చెప్పేశా.

జూన్ 20

అవ్వకు ఆ సీన్ చదివి వినిపించా. విని లేచింది. నేరుగా మగ్గం దగ్గరకు పోయింది. మగ్గమా, నిన్ను తీసేసి గుర్రాన్ని పెట్టినందుకు నాకు శానా కోపమొచ్చిందని ఈ పిల్లకు సెప్పు, అంది.

మగ్గమా, రెండో పుస్తకంలో రాణి చీరలు నేస్తుందని మా అవ్వకు చెప్పు.